ఎదురొడ్డు చప్పట్లు

సిమసికు ముందు తెడ్డుతో నీళ్ళను బాదాడు. మొసలి ఏదైనా ఉంటే తప్పుకుంటుంది. తర్వాత చీలమండల దాకా నీళ్ళలోకి దిగి, మోకాళ్ళు వంచి, అరచేతులు దొప్పల్లా చేసి నెమ్మదిగా చప్పట్లు కొట్టాడు. పెద్దవాళ్ళను పలకరించే చప్పట్లు. అవతలి ద్వీపం మంచులో కనపడటం లేదు. అన్న ముయోబా అక్కడే, రెల్లు వెనక గుడిసెలో మంచం పట్టి ఉన్నాడు.

కాసేపటికి నీళ్ళ మీదుగా జవాబు వచ్చింది. గట్టిగా, నిండుగా.

సిమసికు చెవి రిక్కించాడు. ముయోబా కుడిచేతికి రెండు వేళ్ళు లేవు. లారీల్ని ఏరు దాటించే పంటు మీద పనిచేసిన రోజుల్లో గొలుసు తినేసింది. ఆయన చప్పట్లెప్పుడూ పగిలిన కుండను కొట్టినట్టు ఉంటాయి. జబ్బు చేశాక అవీ సన్నగిల్లాయి. నిన్నటి నుంచే ఈ మార్పు.

"కోలుకుంటున్నాడు," అని పైకే అనుకున్నాడు. తెడ్డును బోర్లించిన దోనె కింద దాచి పనికి బయల్దేరాడు.

దోనె వేసుకుని దాటితే చుట్ట కాల్చినంత సేపు కూడా పట్టదు. కానీ ద్వీపం వేరే దేశానిది. నాలుగు దేశాలు ముక్కులు రాసుకునే చోట పుట్టినవాడికి అంత సుఖం ఎక్కడిది? కిందటేడు చేపలకు పోయిన ఒకణ్ణి గస్తీ పడవ కాల్చేసింది. అది ఎవరి పడవో ఇప్పటికీ ఏ దేశమూ ఒప్పుకోలేదు. దోనెలు దించొద్దని మాత్రం అందరూ ఒక్క గొంతుతో చెప్పారు. ఇక మిగిలింది వంతెన. అదెక్కి ఒక దేశంలో దిగి, అక్కడ ఇంకో ఏరు దాటి, అన్న ఉన్న దేశంలోకి పోవాలి. దానికి పాస్‌పోర్టు కావాలి. ఎప్పుడు పుట్టాడో చెప్పేవాళ్ళే లేని సిమసికుకి అదెవరిస్తారు?

ఆ వంతెన పక్కన లారీలు ఆగే చోటు ఊడవడమే ఇప్పుడతని పని. నిలబడి తెడ్డేసి తెడ్డేసి కుడి భుజం కిందికి జారిపోయింది. చీపురు కూడా తెడ్డులాగే పడతాడు, దుమ్మును వెనక్కి తోస్తాడు.

"ఏం మావా, ఇవాళ పళ్ళు బయటపడ్డాయి?" అన్నాడు తోటి పనివాడు లుబిండా.

"మా అన్న చప్పట్లు వినాల్సింది. కుర్రాడిలా కొట్టాడు."

"వేళ్ళు మళ్ళీ మొలిచాయేమో."

"నీ మొహం. గాలి లేదుగా, చప్పుడు బాగా వినపడింది."

"మొన్ననే దోనె దించుతానంటివి? చచ్చినా సరే, చూసొస్తానంటివి?"

"లేవలేడేమోనని అన్నాన్రా. లేస్తున్నాడుగా. ఇక తొందరేముంది?"

లారీలు ఒకదాని వెనక ఒకటి కదిలాయి. రాగి రేకులు, సిమెంటు, మొక్కజొన్న అన్నీ సుఖంగా దేశాలు దాటాయి. చక్రాల కింద రాలిన గింజల్ని సిమసికు ఏరి, ఊది, చొక్కా జేబులో పోసుకున్నాడు. అన్నకు వేయించిన గింజలంటే ఇష్టం. నడవగలిగితే ఒడ్డుకొస్తాడు. చప్పుడే కాదు, మనిషీ కనపడతాడు.

పొద్దు వాలాక ఇల్లు చేరేసరికి గుమ్మం ముందు చాప మీద ఒకావిడ కూర్చుని ఉంది. కాళ్ళనిండా దుమ్ము. వదిన నమకావు. ఒకప్పుడు పరదేశీల హోటల్లో వంట చేసింది కాబట్టి ఆమెకు పాస్‌పోర్టుంది. పొద్దున బయల్దేరితే ఇప్పటికి చేరింది.

ఆమె లేచి, మోకాళ్ళు వంచి, పద్ధతి ప్రకారం చప్పట్లు కొట్టింది. గట్టిగా, నిండుగా.

బదులివ్వడానికి ఎత్తిన సిమసికు చేతులు అలాగే ఉండిపోయాయి.

"ఎప్పుడు వదినా?"

"మొన్న సాయంత్రం. నిన్న పూడ్చాం."

"మరి చప్పట్లు..."

"నేనే కొట్టాను నాయనా. చప్పుడాగితే వాడు దోనె దించుతాడు, కాల్చేస్తారు, నువ్వెళ్ళి చెప్పేదాకా ఆపకు అని పోయేముందు మీ అన్నే అన్నాడు." ఆమె తన కుడిచేతి వంక చూసుకుంది. "రెండు వేళ్ళు మడిచి కొట్టమన్నాడు. తీరా కొట్టేటప్పుడు ఆ మాటే మర్చిపోయాను."

సిమసికు జేబులోని గింజల్ని పిడికిట పట్టుకుని ఒడ్డుకు నడిచాడు. ఆమె వెనకే వచ్చింది.

"ఒడ్డునే పూడ్చాం, నీకు కనపడాలని," అంది.

మంచు ఎప్పుడో విడిపోయింది. ఎదురొడ్డున, రెల్లు పక్కన కొత్త మట్టిలో నిలువునా గుచ్చిన ముయోబా తెడ్డు మీద ఒక నీటికాకి రెక్కలు ఆరబెట్టుకుంటోంది.