సుక్కి ఎడమ కన్ను

"గుండెకిచ్చే మందు నా బిడ్డ కంటికేం జేస్తది మేడం?"

ఖమ్మంలో పిల్లల డాక్టర్ ఆరాధన ముందు కూర్చున్న జంపక్కకు నమ్మకం కుదరలేదు. ఒడిలో నాలుగు నెలల కూతురు సుక్కి. పుట్టిన రెండు వారాలకు ఎడమ రెప్ప మీద గోరంత ఎర్రమచ్చ లేచింది. ఇప్పుడది రేగుపండంత ఉబ్బి కన్నునే మూసేసింది. అంతకుముందు వాడిన స్టెరాయిడ్ మందుకు గడ్డ తగ్గలేదు గానీ మొహం గుండ్రంగా వాచింది. భద్రాచలం అవతల అడవిలోని వాళ్ల ఊళ్లో అందరూ పిల్ల ఒళ్లు చేసిందని సంబరపడ్డారు. అది మందు తెచ్చిన వాపని ఇక్కడికొచ్చాకే తెలిసింది.

"ఇది రక్తనాళాలు పెరిగిన గడ్డ. ఈ మందుకు కరుగుతాందని బయటి దేశపు డాక్టర్లు నిరుడే రాసిన్రు. కన్ను గిట్లనే మూసుకొనుంటే చూపు రాదు జంపక్కా. పాత మందు మెల్లమెల్లగా తగ్గిద్దాం, ఇది మొదలుపెడదాం" అంది డాక్టర్. ఆమె గొంతులో ఉత్సాహం దాగలేదు.

దవాఖానాలో ఉంచుకుని నర్సు జోజమ్మ పూటపూటకూ నాడి చూసింది, చక్కెర పరీక్ష చేసింది. మూడోనాడు పొద్దున గడ్డ ఎరుపు విరిగి నేరేడు రంగుకు తిరిగింది. వేలితో తాకితే మెత్తగా ఉంది.

"మేడం, జల్దీ రాండ్రి!" జోజమ్మ సంబరంగా వరండా అంతా వినబడేలా కేకేసింది.

ఇంటికి పంపేముందు జోజమ్మ జంపక్కతో మూడుసార్లు చెప్పించింది: "ముందు పాలు, తర్వాత మందు. పాలు తాగకుంటే మందు లేదు. ఒంట్ల చక్కెర పడిపోతది."

ఇప్పపూల కాలం. మూడు వారాల తర్వాత ఓ వేకువ జంపక్క పూలేరడానికి పోయి వచ్చేసరికి అత్త ముత్తక్క గర్వంగా ఎదురొచ్చింది. "టైంకు మందు పోసిన."

"నే పిండిపెట్టిన పాలు తాగిందా అత్తా?"

"రాత్రి నువ్విచ్చినంక ఏం తాగలే. నిద్రపోతాంది."

జంపక్క గంప వదిలేసి ఉరికింది. సుక్కి ఒళ్లు చల్లటి చెమట, మెడ వాలిపోయింది. చిటికెడు చక్కెర తడిపి చిగుళ్లకు రుద్దింది. మళ్లీ రుద్దింది. పెదవి కదిలింది. చిన్న నాలుక చప్పరించింది. వెంటనే రొమ్ము అందించి, తాగుతుండగానే భర్త బొజ్జయ్య బండెక్కింది. భద్రాచలం దవాఖానాకు చేరేసరికి పిల్ల గొంతెత్తి ఏడుస్తోంది. ఆ ఏడుపు విని బొజ్జయ్య నవ్వాడు, కళ్లు తుడుచుకున్నాడు.

ఫోన్లో ఆరాధన అంది, "మందు పనిచేస్తాంది, ఖాళీ కడుపే ముంచింది. ఇయ్యాల ఆపు. పాలు మంచిగ తాగితే రేపు మొదలుపెట్టు."

ఇంటి దగ్గర ముత్తక్క మూలకు ముడుచుకుని ఉంది. "నా చేతుల్తోనే చంపుకునేదాన్ని."

దారంతా జంపక్క మనసులో కోపం ఉడికింది. ఆ మొహం చూశాక అది చల్లారింది. బిడ్డను అత్త ఒడిలో పెట్టింది. "నేను పాలు పడత, నువ్వు మందు పొయ్యి. ఇద్దరం కలిసే జేద్దాం."

పదిరోజులకు ముత్తక్కే అరిచింది, "కోడలా! తెరిచింది, కన్ను తెరిచింది!"

నేరేడు రంగు రెప్ప కింద సన్నని సందు, అందులో నల్లగా మెరుస్తూ కంటిపాప. జంపక్క అరచేత్తో కుడి కన్ను మూసి, మరో చేతి గాజులు ఇటు నుంచి అటు ఆడించింది. ఎడమ కన్ను వాటి వెంటే కదిలింది.

"సూస్తాంది అత్తా, సూస్తాంది!"