పై మడి

మధ్యాహ్నం ఎండలో కొండబాబు రెండోసారి గట్టు మీద కూలబడి వాంతి చేసుకున్నాడు. అప్పలలక్ష్మి మొగుడి వీపు మీంచి మందు ట్యాంకు దించి, ముఖాన నీళ్లు చల్లింది. చేనుకి సుడిదోమ పట్టింది. ఈ పూట మందు పడకపోతే గడ్డే మిగులుతుందని ఊరంతా అంటోంది.

"ఇంక రెండు మడులేనే. అవగొట్టీస్తాను," అన్నాడతను. చేతులు వణుకుతున్నాయి. ఆ వణుకు ఇవాళ్టిది కాదు. మందు కొట్టే పని మానుకోమని డాక్టరు ఎప్పుడో చెప్పాడు. మానుకుంటే తినేదేమిటో మాత్రం చెప్పలేదు.

మాకవరపాలెం దగ్గర వాళ్లు కౌలుకి చేస్తున్న ఆ ఎకరన్నర పొలం సోమసుందరం గారిది. నర్సీపట్నంలో లెక్చరరుగా చేసి రిటైరయ్యారు. మంచి మనిషి, గొంతు పెంచి ఎరగరు. భార్య దుర్గాంబగారు పెద్ద జబ్బు నుంచి బయటపడ్డాక ఆయనకి సేంద్రియ వ్యవసాయం మీద నమ్మకం కుదిరింది. కుదిరింది గానీ, పై మడి వరకే కుదిరింది. కాలవ నీళ్లు ముందు పై మడిలో పడి, తర్వాత కిందికి దిగుతాయి. కింది మడుల మందు పైకి ఎక్కదు. అందుకని ఆ ఒక్క మడికీ జీవామృతం పొయ్యాలి, వేపకషాయం కొట్టాలి. ఆ ధాన్యం విడిగా నూర్చి ఆయనింటికి చేర్చాలి. కింది మడుల పంట ఆయనకి కట్టే శిస్తుకీ, అమ్మకానికీ, కౌలుదారుల కడుపుకీ. అక్కడ దిగుబడి తగ్గకూడదు కనక మందు కొట్టాల్సిందే.

పై మడికి ఆవుపేడా మూత్రం మోసింది అప్పలలక్ష్మి. మూడేళ్లకి ఆ నేల పట్టుకుంటే గుల్లగా విడిపోతోంది, వానపాములు కనిపిస్తున్నాయి. ఆ బియ్యం రుచి ఎలా ఉంటుందో మాత్రం ఆమెకి తెలీదు.

గట్టు చివర స్కూటరు ఆగింది. సోమసుందరం గారు గొడుగు వేసుకుని వచ్చారు.

"పై మడి మీద తుంపర పడలేదు కదమ్మా?" అని అడిగి, ఆ తర్వాత కొండబాబు వైపు చూశారు. ఆ వరస చూసి ఆమెకి ఒళ్లు మండింది.

"పడనేదు బాబుగారూ. నా పెనిమిటి మీద పడింది."

"అయ్యో, మూతికి గుడ్డ కట్టుకోమన్నానుగా."

"అన్ని మడులూ కసాయంతోనే సేసీమంటారేటి బాబుగారూ? మొదట పంట తగ్గుతాది. తగ్గినకాడికి సిస్తు తగ్గించండి. తరవాత బూమే కాసుకుంటాది. పై మడి సూడనేదేటి మీరు?"

"నాకూ ఇష్టమేనమ్మా. కానీ శిస్తు తగ్గితే ఎలా? వచ్చే ఏడు చూద్దాంలే."

ఆ వచ్చే ఏడు మూడేళ్లుగా రాలేదు.

"అయితే పై మడికీ మందే కొడతాం," అంది అప్పలలక్ష్మి. "కొడితే అన్నిటికీ కొడతాం, మానితే అన్నిటికీ మానతాం. మీ బువ్వ ఒకలాగ, మా బువ్వ ఒకలాగ నాను పండించనేను."

సోమసుందరం గారికి కోపం రాలేదు. వచ్చినా బాగుండేది.

"నీ ఇష్టమమ్మా. బాలన్న ఈ పొలం కౌలుకి అడుగుతున్నాడు. అతనికిచ్చేస్తాను," అన్నారు మెత్తగా.

కొండబాబు లేచాడు. "దాని మాటలట్టుకోకండి బాబుగారూ, అదో ఎర్రిది! బేగి కొట్టీస్తాను!"

ట్యాంకు ఎత్తి ఒక భుజానికి తగిలించుకున్నాడు. రెండో పట్టీలోకి చెయ్యి దూర్చడం అతనికి చేతకాక చాన్నాళ్లయింది. పెళ్లామే వెనక నించి ఎత్తిపట్టి తొడుగుతుంది. అలవాటుగా ఆమెకి వీపు తిప్పి నిలబడ్డాడు.

అప్పలలక్ష్మి కదల్లేదు. పొలం పోతే ఏమవుతుందో ఆమెకీ తెలుసు.

"పట్టవే," అన్నాడు.

"పట్టను మావా."

అతను వినబడనట్టు వీపు తిప్పే నిలబడ్డాడు. బరువుకి ఒక పక్కకి ఒరిగిపోతూ, రెండో చెయ్యి వెనక్కి చాపి, గాల్లో పట్టీ కోసం తడుముకుంటున్నాడు.