పళ్ళెం అంచు మీద కాలివేళ్ళు

ఆగండి, ఇది విని అప్పుడు వెళ్ళండి. నా వేలు ఒక బటన్ మీద ఉంది, ఇంకా నొక్కలేదు.

ఉమామహేశ్వరి ఆంటీ ఇక్కడ అమెరికాలో, ఇర్వింగ్‌లో కూచిపూడి నేర్పుతారు. పదేళ్ళ కిందట, మోకాలి ఆపరేషన్‌కి ముందు, ఆఖరిసారి ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడి తరంగం ఆడారు. ఆ పదకొండు నిమిషాలూ ఒకే ఒక్క బ్లూరే డిస్క్‌లో ఉన్నాయి. నా దగ్గర నూటనలభై బ్లూరేలున్నాయి, బొమ్మ కాస్త మసకైనా ఊరుకోను. అందుకే ఆంటీ నన్ను పిలిచారు.

నా ప్లేయర్‌లో పెడితే డిస్కే లేదంది. తుడిచి పెట్టాను. అదే మాట.

"అంకుల్, రికార్డ్ చేసింది మీరే కదా, ఫైనలైజ్ చేశారా?" ఆంటీ భర్త రఘువీర్ అంకుల్‌ని అడిగాను.

"అంటే?"

"చివర్లో డిస్క్‌ని క్లోజ్ చేయాలి. లేకపోతే రికార్డ్ చేసిన మెషీన్ తప్ప ఇంకేదీ చదవదు."

"హాల్ వాళ్ళు లైట్లు ఆపేస్తున్నారు, మీ ఆంటీ పులిహోర గిన్నెలు కార్‌లో పెట్టమని ఒకటే అరుపులు. డిస్క్ లాగేసి పరుగెత్తా."

"పులిహోర భద్రం, డ్యాన్స్ గల్లంతు," అన్నారు ఆంటీ.

గరాజ్‌లో అప్పటి రికార్డరే దొరికింది. ఆడింది! తొమ్మిది నిమిషాలకి వేడెక్కి ఆగింది. చల్లార్చి మళ్ళీ పెడితే ఏడు నిమిషాలే. ఫైనలైజ్‌కి ఐదు కావాలి. మధ్యలో ఆగితే డిస్క్ పోయినట్టే. స్పష్టమైన బొమ్మని బయటికిచ్చే హెచ్‌డీ పోర్ట్ విరిగింది. పాత మూడు రంగుల వైర్లతో ముక్కలుగా కాపీ తీయొచ్చు. కానీ మసక. పైగా ఆ తర్వాత ఫైనలైజ్‌కి మెషీన్‌లో ఓపిక మిగలదు.

"మసకైనా సరే, ఏదో ఒకటి ఉండాలి కదా కౌశిక్," అన్నారు అంకుల్. "ఉన్నదీ పోతే నా పులిహోర కథ జీవితాంతం వినాలి."

"మసకది నాకెందుకు? నా శిష్యురాలు హంసికకి చూపించాల్సింది నా మొహం కాదు, కాలివేళ్ళు. అంచుని ఎలా పట్టుకోవాలో నోటితో చెప్తే ఆ పిల్లకి రావట్లేదు. నేనా, నిలబడి చూపించలేను." ఆంటీ మోకాలు నిమురుకున్నారు. "నీకు తెలుసుగా ఇవన్నీ. నీ ఇష్టం నాన్నా."

నాకు తెలుసా? మసక కాపీలు తీసేవాళ్ళని ఎన్నిసార్లు వెక్కిరించానో!

రికార్డర్ చల్లబడింది. ఫైనలైజ్ చేయనా అని అడుగుతోంది. అంకుల్ చేతిలో వైర్లు, ఆంటీ చూపు నా వేలి మీద.

మీరైతే నొక్కుతారా, వైర్లు అందుకుంటారా?