మొదటి మంగళవారం

ఏమస్ అన్న ఇల్లు మా కళ్లముందే పోయింది. కోర్టు మెట్ల మీద అప్పుల కంపెనీల లాయరు ప్రెస్కాట్ ఏదో గొణిగాడు. ఎవడో చెయ్యెత్తాడు. అంతే. ఏమస్ అన్న ఇంకా టోపీ తీసి ప్రార్థన మొదలెట్టనే లేదు.

మా జార్జియాలో అప్పు కట్టలేదని ఇల్లు లాక్కోవడానికి జడ్జి అక్కర్లేదు. నెలలో మొదటి మంగళవారం, కోర్టు గుమ్మం ముందు, సాయంత్రం నాలుగులోపు ప్రకటన పైకి చదివి వేలం వేస్తే చాలు. చదవలేకపోతే ఆ నెలకు వేలం లేదు.

ఈసారి వంతు ఒడెస్సా టార్వర్‌ది. పైకప్పు బాగుచేయించడానికి ఇంటి మీద అప్పు చేసింది. అప్పిచ్చిన కంపెనీ ఆ అప్పును ఇంకొకరికి అమ్మేసింది, ఆమెకు చెప్పలేదు. ఆమె పాతవాళ్లకే కడుతూ వచ్చింది. కొత్తవాళ్లు మాకు ముట్టలేదని ఇంటిని వేలానికి పెట్టారు.

ఆదివారం చర్చిలో వాదన చెలరేగింది.

"మన దగ్గరేముందని అడ్డుకుంటాం?" అన్నాడు ఏమస్.

"గొంతుల్లేవూ?" అంది ఒడెస్సా. "వాడు పైకి చదవాలిగా? చదవనీ. మనం ప్రతి ఆదివారం చేసేదే చేద్దాం."

మా చర్చిలో పాటల పుస్తకాలు లేవు. ఒకరు చరణం పలుకుతారు, మిగతావాళ్లం సాగదీసి పాడతాం. ఒక్క చరణం అయ్యేలోపు పొయ్యి మీద కూర మాడిపోతుంది.

మంగళవారం ప్రెస్కాట్ మూడున్నర దాటాక వచ్చాడు. ఎండకు జనం పోతారనుకున్నాడు.

"జార్జియా రాష్ట్రం, బెల్కర్ కౌంటీ..."

"జా...ర్జి...యా..." ఒడెస్సా ఎత్తుకుంది. మెట్ల నిండా ఉన్న మేమంతా అందుకున్నాం.

"నోర్ముయ్యండి!"

"నో...ర్ము...య్యండి..." అదీ పాడాం.

"ఏంటమ్మా ఈ గోల?" పోలీసు డిప్యూటీ గద్దించాడు.

"లాయరుగారు పలుకుతున్నారు బాబూ, మేం పాడుతున్నాం. మీరూ రండి."

ఒడెస్సా చేతులకు బేడీలు పడ్డాయి. పాట ఆగింది. ప్రెస్కాట్ నవ్వి కాగితం విప్పాడు.

ఏమస్ అన్న టోపీ తీశాడు.

"నా ఇల్లూ ఇలాగే పోయింది..."

"నా... ఇల్లూ..." గోడలు అదిరాయి. ప్రెస్కాట్ పెదవులు కదిలాయి, మాట వినపడలేదు. గడియారం నాలుగు కొట్టింది. అతను కాగితం నలిపి జేబులో కుక్కుకున్నాడు.

పోలీసు కారులోంచి ఒడెస్సా అరిచింది. "శ్రుతి తప్పావు తమ్ముడూ!"

"వచ్చే నెలకి నేర్చుకుంటానక్కా!"

కారు వెనకే జైలు దాకా పాడుకుంటూ నడిచాం. దారి పొడుగునా తలుపులు తెరుచుకున్నాయి. వచ్చే నెల వేలానికి రాసి ఉన్న ఇళ్ల తలుపులే ముందు తెరుచుకున్నాయి.