ఫైలు తలమీది నంబరు

విత్తనాల కంపెనీలో కంప్యూటర్ గది చిన్నదే గానీ, అందులో వాదనలు మాత్రం గంపెడు. అక్కడ పనిచేసే కుర్రాణ్ణి అందరూ గాభరా అంటారు. పక్క కుర్చీలో కూర్చునే అమ్మాయి మొండిఘటం. ఆ పేరు పెట్టింది మరెవరో కాదు, కంపెనీ నడిపే ఆమె సొంత పిన్నే.

నిన్న మంచినీళ్ళ దగ్గర గాభరా ఆ అమ్మాయిని "నన్ను పెళ్ళి చేసుకుంటావా?" అని అడిగేశాడు. అంత ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో దేవుడికే తెలియాలి! ఆమె తిన్నగా జవాబు చెబితే మొండిఘటం ఎందుకవుతుంది?

"ఒకే వివరాలు నీ మెషీన్లోనూ నా మెషీన్లోనూ ఎక్కిస్తే, డేటాబేస్ ఫైళ్ళు అచ్చం ఒకేలా వస్తాయా అని పిన్ని అడుగుతోందిగా. వస్తాయంటావు నువ్వు, రావంటాను నేను. వస్తే నీకు సరే అంటా. రాకపోతే నేను చెప్పింది నువ్వు వినాలి," అంది.

పొద్దున్నే ఇద్దరూ ఫైళ్ళు తయారుచేసి ఆఫీసు ఫోల్డర్లో పెట్టారు. గాభరా ఆగగలడా? గుట్టుగా పోల్చి చూసుకున్నాడు. విత్తనాల వివరాలన్నీ పొల్లు పోకుండా ఒకటే. కానీ తనను ఏ వెర్షన్ సాఫ్ట్‌వేర్ రాసిందో ఆ నంబరును ప్రతి ఫైలూ తలమీద వేసుకుంటుంది. అతని మెషీన్లో ఉన్నది పాతది, ఆమెది కొత్తది. కొంప మునిగింది!

ఆ బుద్ధి ఎలా పుట్టిందో గానీ, వెంటనే ఆమె ఫైలును పెన్‌డ్రైవులోకి లాగేశాడు. భోజనాల వేళ తన ఫైలు తీసేసి, దాని చోట ఆ కాపీ పెట్టాడు. ఇక ఈల వేసుకుంటూ తిరగడమే.

సాయంత్రం అందరూ చూస్తుండగా పిన్ని రెండు ఫైళ్ళనూ పోల్చే మీట నొక్కింది. "తేడా ఉంది."

"ఉండడానికి వీల్లేదు పిన్నిగారూ! మళ్ళీ చూడండి!" అని గాభరా దాదాపు ఏడ్చినంత పని చేశాడు.

పిన్ని రెండు ఫైళ్ళూ తెరిచి కళ్ళజోడు సర్దుకుంది. "ఇదేం చోద్యం? నీ ఫైలు మీద మా పిల్ల మెషీన్లోని వెర్షన్ నంబరుంది. దాని ఫైలు మీద నీ మెషీన్లోని నంబరుంది."

గాభరా చెవులు ఎర్రబడ్డాయి. మెల్లగా పక్కకు చూశాడు. మొండిఘటం నేలచూపులు చూస్తోంది.

"నువ్వు కూడానా?"

"పొద్దున్నే నీ ఫైలు కాపీ తీసి దాచుకున్నా. ఇందాక నా ఫైలు తీసేసి, దాని చోట అది పెట్టా. తేడా వస్తే నేను సరే అనేదెలా మరి?" అంది నేలవైపు చూస్తూనే.

పిన్ని నవ్వలేక పొట్ట పట్టుకుంది. "ఓసి నీ మొండితనం తగలెయ్య! ఒక్క మాటతో పోయేదానికి ఇంత దొంగతనమా?"

గాభరాకు నేలమీద కాలు నిలవడం లేదు. ఎగరాలో నవ్వాలో తెలియక కుర్చీ పట్టుకుని ఊగుతున్నాడు.

మొండిఘటం తలెత్తింది. "నవ్వింది చాల్లే. ఫైళ్ళు వేరుగానే వచ్చాయి కాబట్టి పందెం నాది. నేను చెప్పింది నువ్వు వినాలి."

"చెప్పు."

"నన్ను పెళ్ళి చేసుకో."