గుమ్మం మీది మసి

తెల్లారినప్పటి నుంచి మెల్పో కూర్చున్న పాపాన పోలేదు. ఆడపడుచు లెమోనియా రొట్టెల దుకాణం వెనక గదిలో, పిండి బస్తాలకీ తన అట్టపెట్టెలకీ మధ్య మిగిలిన సందులో ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిరుగుతూనే ఉంది. చేతిలో ఫోను. మోగకపోతే తోచదు, మోగితే గుండె దడ.

ఇల్లు ఖాళీ చేసి పది రోజులైంది. ఓనరు అర్గీరిస్ ఇంకా అడ్వాన్సు తిరిగివ్వలేదు. ఐదు వందల అరవై యూరోలు. అందులో ఐదు వందలు తీసుకెళ్లి కొత్తింటి ఓనరమ్మ చేతిలో పెడితే తాళంచెవి వస్తుంది. శనివారం మధ్యాహ్నం దాకా ఆగుతానంది ఆవిడ. ఆ తర్వాతకి ఎవరో కాలేజీ కుర్రాడి తండ్రి కాచుకుని కూర్చున్నాడట. ఇవాళ గురువారం. ఆ ఇల్లు చెయ్యి జారితే యాభై నాలుగేళ్ల వయసులో మెల్పోకి ఈ పిండి బస్తాలే గతి. బట్టలకు అంచులు మడిచి, జిప్పులు మార్చి బతికే మనిషికి ఈ గ్రీసు రేవు పట్నం కవాలాలో ఇంకో గది దొరకడం కల్ల. సముద్రం కనిపించే ప్రతి కిటికీనీ టూరిస్టులకి ఎత్తిపెట్టేశారు. అర్గీరిస్ తనను ఖాళీ చేయించింది కూడా అందుకే.

పదకొండింటికి ఫోను కుయ్యిమంది. మాట కాదు, అర్గీరిస్ పంపిన లెక్కల కాగితం ఫొటో. బాయిలరుకి సున్నం పట్టింది, దానికింత. కర్టెన్ల కడ్డీ కోసం గోడకు బెజ్జాలు, దానికింత. వీధి ద్వారబంధం మీద మసి, మురికి, గీకించి రంగు వేయించడానికి రెండు వందల ముప్పై. అన్నీ పోగా మెల్పోకి వచ్చేది నూట తొంభై.

మొదటి రెండూ చదివి పళ్లు నూరింది. మూడోది చదివాక పళ్లు నూరడం కూడా చేతకాలేదు.

“మురికా?” అంది పైకే.

వచ్చేముందు మూడు రోజులు మోకాళ్ల మీద కూర్చుని తోమింది ఆ ఇంటిని. బ్లీచింగు నీళ్లకి వేళ్లు పగిలి ఇంకా మండుతున్నాయి. ఆమె ముట్టుకోనిది ఒక్కటే, ద్వారబంధం మీది సిలువ. ఈస్టరు రోజున చర్చిలో వెలిగించుకుని, గాలికి ఆరిపోకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకుని తెచ్చిన కొవ్వొత్తి పొగతో గుమ్మం మీద పెట్టే సిలువ అది. ఏడాదంతా ఇంటిని కాస్తుంది. బుద్ధున్నవాళ్లెవరూ దాన్ని గుడ్డతో తుడవరు. మెల్పోకి ఆ ఆలోచన కూడా రాలేదు.

వెంటనే ఫోను చేసింది.

“అర్గీరిస్ గారూ, అది మసి కాదండీ. ఈస్టరు సిలువ.”

“తెలుసమ్మా, నేనేమన్నా దేశం కానివాణ్ణా? కానీ రేపు దిగేది జర్మన్లు, టర్కీ వాళ్లు. వాళ్లకది మసే.”

“నేను చేరేటప్పటికే ఉందండీ అది. మీ అమ్మగారిది.”

“మా అమ్మ పోయాక ఇల్లంతా తెల్లరంగు వేయించి నీ చేతిలో పెట్టాను. గోడలు, కిటికీలు, ద్వారబంధాలు, అన్నీ. పెయింటరిచ్చిన రసీదు కూడా ఉంది నా దగ్గర. నీ దగ్గరేముంది?”

మెల్పో దగ్గర ఏమీ లేదు. పోయిన పెద్దావిడ, అర్గీరిస్ తల్లి అసిమీనా గీతల మీదే ఆ ఇంట్లో ఉన్న నాలుగు ఈస్టర్లూ తన కొవ్వొత్తి పట్టింది. ఒకదాని మీద ఒకటి పడి అంతా ఒకే నలుపైంది. ఏది ఎవరిదో ఇప్పుడు చూసి చెప్పడం ఎవరి తరం?

“ఆ కాగితం మీద సంతకం పెట్టి నూట తొంభై పట్టుకెళ్లమ్మా. నేను మాత్రం ఎన్నాళ్లు ఎదురుచూడను?” అని ఆయన పెట్టేశాడు.

లెమోనియా చేతుల పిండి దులుపుకుంటూ వచ్చింది. ఆవిడకి నోటికి తాళం లేదు.

“జీవితమంతా ఓడ ఇంజిన్లలో మసి పూసుకుని తిరిగినవాడు, గుమ్మం మీద మసికి డబ్బులడుగుతున్నాడా! లాయరు దగ్గరికి పోవే.”

“లాయరుకిచ్చే డబ్బులే ఉంటే ఈ అడ్వాన్సు కోసం ఎందుకు ఏడుస్తాను వదినా?”

“అయినా నీదీ తప్పుంది. చేరిన రోజే ఇంటికి ఫొటోలు తీసి పెట్టుకోవాలని తెలీదూ?”

“దేవుడి గుర్తుకి ఫొటో ఏంటి? అదేమన్నా యాక్సిడెంటా!”

“ఇప్పుడయిందిగా,” అని లెమోనియా లోపలికి పోయింది.

ఆ రోజంతా మెల్పోకి కాలు నిలవలేదు. రేవు దాకా వెళ్లింది, వచ్చింది. కుడదామని ఒక ప్యాంటు తీసింది, ఎడమకాలికి కుట్టాల్సిన అంచు కుడికాలికే రెండోసారి కుట్టి, విప్పి, పక్కన పడేసింది. సంతకం పెట్టేస్తే పోలా అనుకుంది. పెడితే మురికి మనిషినని ఒప్పుకున్నట్టే. ఆ మాట డబ్బు కన్నా ఎక్కువ కోసింది. పెట్టకపోతే ఇల్లు పోతుంది. రాత్రి పిండి బస్తాల పక్కన పడుకుని అటూ ఇటూ దొర్లింది.

శుక్రవారం పొద్దున లెమోనియా పొయ్యి నోటికి అడ్డం పెట్టే ఇనుప తలుపును తడిగుడ్డతో తుడుస్తోంది. మెల్పో ఊరికే చూస్తోంది. నిన్నటి మసి ఒక్క తుడుపుకి గుడ్డకొచ్చేసింది. దాని కింద ఏళ్లనాటి మాడు మాత్రం అలాగే ఉంది.

“అది పోదా వదినా?”

“అది మా అత్తగారి కాలం నాటిది. అదెక్కడ పోతుంది?”

మెల్పో కోటు తొడుక్కుంది. ఒక పాత గుడ్డని సంచిలో కుక్కుకుని, చిన్న బకెట్ చేతికి తగిలించుకుని బయటపడింది. “ఎక్కడికే?” అని లెమోనియా అరిచేలోపే సగం మెట్ల దారి ఎక్కేసింది.

పాత ఇంటి తలుపు తెరిచే ఉంది. ముందు గదిలో అర్గీరిస్ కొత్త మంచానికి బోల్టులు బిగిస్తున్నాడు. అరవై మూడేళ్ల బొద్దు మనిషి. మెల్పో చేతిలో బకెట్ చూసి నవ్వాడు.

“ఇప్పుడా తోమడం?”

“నేను కాదండీ, మీరు.” మెల్పో వంటింట్లోకి వెళ్లి నీళ్లు పట్టుకొచ్చి, స్టూలు గుమ్మం కింద పెట్టింది. ఆ తొందరలో నీళ్లు సగం కాళ్ల మీద పోసుకుంది. “ఎక్కి తుడవండి. తడిగుడ్డకి వచ్చేస్తే అది నా మసే. గుడ్డ నాది, పని ఉచితం, దానికి రెండు వందల ముప్పై ఎందుకు? రాకపోతే అది నాది కాదు, నేను రాకముందుది.”

“నువ్వు కోర్టులో ఉండాల్సినదానివి.”

“పిండి బస్తాల మధ్య ఉన్నానండీ. ఎక్కండి.”

ఆయన స్పానరు కింద పెట్టాడు. ఒక్క తుడుపు తుడిచి ఈ గోల వదిలించుకుందామనుకున్నాడు కాబోలు, గుడ్డ పిండి స్టూలెక్కాడు. ఎక్కాక మాత్రం చెయ్యి లేవలేదు. ఆ సిలువ సూటిగా ఆయన ముఖం ముందుంది.

“మసేగా,” అంది మెల్పో కింద నుంచి. “తుడవండి.”

ఆయన తుడిచాడు. మెల్పో మొహం పక్కకు తిప్పుకుని మూడుసార్లు సిలువ గుర్తు వేసుకుంది. చెయ్యి ఆయనదే అయినా చేయించింది తానని ఆమెకు తెలుసు. ఒక యాభై యూరోలు వదులుకుని ఉంటే ఈ పాపం తప్పేదా అనిపించింది. ఆగిపొమ్మందామని నోరు తెరిచింది. అప్పటికే గుడ్డ నల్లబడింది.

“ఇదేంటి?” అన్నాడు అర్గీరిస్.

నలుపు పోయిన చోట తెలుపు లేదు. ఆకుపచ్చ ఉంది. వెలిసిపోయిన, పెచ్చులు లేచిన పాత ఆకుపచ్చ. ద్వారబంధమంతా తెల్లగా ఉండి, సిలువ ఉన్నంత మేరకే ఆ రంగు. ఆ పచ్చ నడుమ నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి గోధుమరంగు మాడు. ఆయన ఇంకోసారి తుడిచాడు. గోటితో గీకాడు. అది చెక్క లోపలికి దిగిపోయి ఉంది.

“ఆ పెయింటరు వెధవ నన్ను మోసం చేశాడు,” అన్నాడు ముందు. “మొత్తానికి డబ్బులు తీసుకున్నాడు.”

“మోసమేముందండీ? సిలువ మీద రంగు వెయ్యలేక దాని చుట్టూ వేసి పోయాడు. ఎవరైనా అంతే చేస్తారు.”

ఆయన దిగలేదు. “ఈ ఆకుపచ్చ మా నాన్న వేసింది,” అన్నాడు. “చెక్క ఇంతలా మాడాలంటే ఎన్నేళ్లు పెట్టాలి?”

“మీరు ఓడెక్కి ఎన్నేళ్లైంది?”

ఆయన పదిహేడేళ్లకి ఓడెక్కాడని వీధంతటికీ తెలుసు. వేసవికి వచ్చేవాడు, బహుమతులు తెచ్చేవాడు. ఈస్టరుకి ఏనాడూ రాలేదు. ఆ సంగతి తడిగుడ్డ చేతిలో పట్టుకుని స్టూలు మీద నిలబడ్డప్పుడు ఆయనకే లెక్కకొచ్చినట్టుంది.

“నువ్వు నాలుగేళ్లూ మా అమ్మ దాని మీదే పెట్టావా? పక్కన బోలెడు చోటుందిగా?”

“పక్కన నేనెందుకు పెడతానండీ? ఇల్లు ఆవిడది. నేను అద్దెకున్నదాన్ని.”

అర్గీరిస్ స్టూలు దిగి దాని మీదే కూర్చుండిపోయాడు. నల్లటి చేత్తో కళ్లు తుడుచుకుంటే ముఖమంతా మసైంది. మెల్పోకి ఆయన మీద జాలి పుట్టుకొచ్చింది. జాలితో పాటు రేపటి శనివారమూ గుర్తొచ్చింది.

“ముందు నా డబ్బులివ్వండి అర్గీరిస్ గారూ,” అంది. “ఏడుపు ఎక్కడికీ పోదు, తర్వాత తీరిగ్గా ఏడుద్దురుగాని.”

ఆయన ఏడుస్తూనే నవ్వాడు. లోపలికెళ్లి ఐదు వందల ముప్పై తెచ్చిచ్చాడు. బాయిలరు మాటెత్తలేదు. కర్టెన్ల బెజ్జాలకి మాత్రం ముప్పై పట్టుకున్నాడు. బెజ్జాలు తనవే గనక మెల్పో కాదనలేదు. బకెట్లో నీళ్లు పారబోద్దామంటే మనసొప్పలేదు. మెట్ల పక్కనున్న నిమ్మచెట్టు మొదట్లో పోసింది.

“రంగు వేయించనులే దానికి,” అన్నాడాయన గుమ్మంలోంచి. “జర్మన్లు చూస్తే చూడనీ.”

“ఈస్టరుకి మీరే పెట్టండి. కొవ్వొత్తి మరీ దగ్గరగా పట్టకండి, మాడుతుంది.”

శనివారం పదకొండింటికి కొత్తింటి ఓనరమ్మ డబ్బు అందుకుని తాళంచెవి ఇచ్చి వెళ్లింది. చిన్న ఇల్లు. సముద్రం కనపడదు, పక్కింటి గోడ కనపడుతుంది. మెల్పో అట్టపెట్టెలు లోపల పెట్టి, వెనక్కి తిరిగి ద్వారబంధం వైపు చూసింది. పాలలా తెల్లగా ఉంది. అక్కడ ఎవరి గుర్తూ లేదు. తన ముందు ఉన్నవాళ్లు ఏం పెట్టారో, ఎవరు తుడిచారో తెలియదు. ఈస్టరుకి ఇంకా ఏడు వారాలుంది.

ఆమె సిలువ గుర్తు వేసుకుంది. తర్వాత ఫోను తీసి ఆ తెల్లటి చెక్కను ఫొటో తీసింది. మసగ్గా వచ్చిందేమోనని, దీపం వేసి, ఇంకోటి తీసింది.