గోనెల కింద రోడ్డు

సైటు నుంచి వచ్చిన మా ఆయన విజయేందర్ ప్యాంట్లను మా అత్తమ్మ వాషింగ్ మెషీన్‌లో వేయనిచ్చేది కాదు. "నల్లమట్టి పోయి మిషన్ల చిక్కుతది, చేత్తోని ఉతుకు బిడ్డా" అనేది. అందుకే ఆదివారం పొద్దున బల్కంపేటలోని మా ఫ్లాట్ బాల్కనీలో పీట వేసుకుని, బ్రష్‌తో రుద్దుతూ కూర్చునేదాన్ని. నల్లరేగడి ఒక పట్టాన వదలదు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి పట్టేంత పగుళ్లిస్తుంది. దాని మీద రోడ్డు వేస్తే ఒక్క వానకే కుంగుతుంది. దానికి సున్నం కలిపి గట్టిపరిచే లెక్క చెప్పడం నా ఉద్యోగం. పంజాగుట్టలో మట్టి పరీక్షలు చేసే ఓ చిన్న ల్యాబ్‌లో ఇంజనీర్ని. విజయేందర్ రోడ్లు వేసే కంపెనీలో సైటు ఇంజనీరు. ఇద్దరం ఒకే కాలేజీలో చదివాం. అప్పుడూ పరీక్షల ముందు నేను చెప్తుంటే వినేవాడు. ఇప్పుడూ వింటాడు. కానీ 'మా మధులత చెప్పింది' అని ఎవరితోనూ అనడు.

ఈసారి వానలు వెనకపడ్డాయి. తాండూరు అవతల ఓ తండాకు మట్టిరోడ్డు వేసే పని అతనికి పడింది. వానాకాలమొస్తే ఆ తండాకు అంబులెన్సు పోదట. సంచిలో అక్కడి మట్టి తెచ్చి వంటింటి గడప దగ్గర పెట్టాడు. ల్యాబ్‌లో చూసి చెప్పాను. "సున్నం కలిపి, తడిపి, రోలర్ తొక్కించినంక ఏడు రోజులు దాన్ని ముట్టొద్దు. గోనెలు పరిచి నీళ్లు కొట్టిస్తుండు. బండి కాదు, మేకను సుత ఎక్కనియ్యకు. లోపల మట్టీ సున్నం కలిసి గట్టిపడేది అప్పుడే."

"ఏడు రోజులు నేను ఆడనే ఉంట తియ్" అన్నాడు. ఉన్నాడు కూడా.

నాకప్పుడు ఐదో నెల. సోమాజిగూడలో డాక్టరమ్మ రెస్టు తీసుకోమంది. ఆ మాట ఇంట్లో చెబితే అత్తమ్మ నవ్వింది. "కడుపుల పిల్లగాడుంటె నేను మోకాలు లోతు బురదల నాట్లేసిన. మీకు ఏసీల కూసున్నా అలుపేనా?" ఏసీ ఉన్నది మా మేనేజరు గదిలో. నేను సున్నం సంచులున్న గదిలో నిలబడి పనిచేస్తాను. సాయంత్రం వచ్చి మళ్లీ పొయ్యి దగ్గర నిలబడేదాన్ని. ఇదంతా ఆమెకు చెప్పాలనిపించేది, కానీ చెప్పడానికి కూడా ఓపిక కావాలి.

నొప్పులు ల్యాబ్‌లోనే మొదలయ్యాయి, రోడ్డు మీద గోనెలు పరిచిన రెండో రోజు మధ్యాహ్నం. విజయేందర్‌కు ఫోన్ చేశాను, ఎత్తలేదు. నాతో పనిచేసే నవోమి ఆటో తెచ్చింది. పంజాగుట్ట ఫ్లైఓవర్ కింద ఆటో కదల్లేదు. నవోమి దిగి, బండ్ల ముందు నిలబడి, చేతులు జోడించి దారి అడుగుతోంది. నేను వెనక సీట్లో ముడుచుకుని మళ్లీ మళ్లీ ఫోన్ చేస్తూనే ఉన్నాను. చివరికి మెసేజ్ వచ్చింది. 'సైట్‌ల ఉన్న. తర్వాత చేస్త.' ఆ తర్వాత ఏమైందో చెప్పడానికి ఎక్కువ లేదు. బిడ్డ దక్కలేదు. ఆస్పత్రిలో నా చెయ్యి పట్టుకున్నది నవోమి.

అతను మర్నాడు పొద్దున వచ్చాడు, మోకాళ్లదాకా బురదతో. మంచం పక్కన నిలబడి, తల వంచుకుని అన్నాడు. "ట్రాక్టర్లోళ్లు రోడ్డెక్కుతమని లొల్లి పెట్టిండ్రు. నేనొస్తే ఎక్కిస్తుండిరి. ఏడు రోజులు కదలొద్దని నువ్వే గద చెప్పినవ్."

నా మాటే.

ఇంటికొచ్చిన మర్నాడే కరీంనగర్ నుంచి ఆడబిడ్డ వాళ్లు వచ్చారు. నన్ను పలకరించడానికే వచ్చారు. వాళ్లకు వంట నేనే చేశాను. మధ్యమధ్య వంటగట్టును పట్టుకుని నిలబడ్డాను. అత్తమ్మ వెనకనుంచి వచ్చి, మెల్లగా అంది. "నాకు ఇద్దరు పోయిండ్రు బిడ్డా. నాట్లు ఆపిండ్రా ఎవలన్న? తిరుగు. తిరిగితే మర్చిపోతవ్." ఆ గొంతులో కరుకుదనం లేదు. నాకు భయమేసింది అందుకే.

"నువ్వు మర్చిపోయినవా అత్తమ్మా?"

ఆమె చింతపండులో గింజలు తీస్తూ ఉండిపోయింది. గింజలు తీసేసిన చింతపండులోనే మళ్లీ వెతుకుతోంది.

ఆ రోజుకు రోడ్డు ఇంకా గోనెల కిందే ఉంది. దాన్ని ఎవరూ తొక్కలేదు. నేను మాత్రం పప్పుకు పోపు పెడుతున్నాను.

తర్వాత వానలు దంచికొట్టాయి. రోడ్డు నిలిచింది. విజయేందర్ ఫోన్‌లో వీడియో చూపించాడు, దాని మీద అంబులెన్సు పోతోంది. "చూడు మధూ, ఏడా కుంగలే." అతని సంతోషంలో కల్తీ లేదు. నాక్కూడా సంతోషమే కలిగింది, అదే నన్ను విరిచేసింది. బాత్రూంలోకి పోయి నల్లా తిప్పి ఏడ్చాను. బయట అతను వాళ్లమ్మతో అంటున్నాడు, "ఎమోషనల్ అయింది, పాపం."

ఆ తర్వాతి సోమవారం ల్యాబ్ నుంచి ఇంటికి పోలేదు. అమీర్‌పేటలో నవోమి ఇదివరకు ఉన్న లేడీస్ హాస్టల్‌కు పోయాను. మెట్ల మీద సాఫ్ట్‌వేర్ కోర్సుల పిల్లలు చెప్పులు విడుస్తున్నారు. వార్డెన్ స్వరాజ్యం గారు నన్ను ఎగాదిగా చూసి, "కోర్సుకా, జాబుకా అమ్మా?" అనడిగింది.

"పడుకోవడానికి" అన్నాను.

ఆమె కిటికీ పక్క మంచం చూపించింది.

కాస్త కన్నంటుకుందో లేదో విజయేందర్ ఫోన్. "ఏడున్నవ్? అమ్మ ఫికర్ చేస్తుంది." నేను మాట్లాడకపోయేసరికి, అలిగాననుకుని గొంతు తగ్గించాడు. "సరే, రా. ఇంకో రోడ్డొచ్చింది మధూ. మట్టి తెచ్చిన, సున్నం ఎంత పడ్తదో జర చూడాలె."

"ఆడపిల్ల" అన్నాను.

"ఏంది?"

"మనకు పోయిన బిడ్డ. ఆడపిల్ల. నువ్వడుగుతవేమోనని ఇన్ని దినాలు చూసిన. ఇగ చూడను. నేను ఈడనే ఉంట."

అవతల నుంచి, మెల్లగా, అతని ఏడుపు. ఆ ఏడుపు వినగానే 'ఊకో' అన్న మాట అలవాటుగా నా నోటిదాకా వచ్చింది. దాన్ని మింగి, ఫోన్ పెట్టేశాను.